సముద్రం పక్కన సోలార్ ఇన్వర్టర్: ఫ్యాన్ ఉన్నదా, లేనిదా?

వాల్తేరు వాసి: పెదవాల్తేరులో మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. మూడేళ్లలో రెండో ఇన్వర్టర్ పోయింది. ముందుదానికి ఫ్యాన్ బిగుసుకుపోయింది, దీనికి బోర్డు పోయింది. ఈసారి ఏది కొనమంటారు?

గాజువాక రిపేర్: ఫ్యాన్ లేనిదే కొనండి. బీచ్ రోడ్డు వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవన్నీ ఒకే తీరు. విప్పితే రాగి గీతల మీద పచ్చటి చిలుము. ఉప్పుగాలిని లోపలికి లాగేది ఫ్యానే.

మీటర్ మాస్టారు: కాదండి. ఐపీ65 అని రాసిన, మూసి ఉన్న పెట్టెల్లో ఫ్యాన్ బయట, హీట్ సింక్ దగ్గర, అంటే వేడిని బయటికి వదిలే లోహపు రెక్కల దగ్గర ఉంటుంది. బోర్డు గది వేరు. అసలు శత్రువు వేడి. బోర్డు మీద కరెంటును కాసేపు నిల్వచేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ 10 డిగ్రీలు చల్లగా ఉంటే దాదాపు రెట్టింపు కాలం పనిచేస్తుంది.

భీమిలి గాలి: మాది ఫ్యాన్ లేనిది. ఉత్తరపు గోడకి, నీడలో పెట్టాం. ఐదేళ్లయింది.

గాజువాక రిపేర్: ఫ్యాన్ లేనిదానికి హీట్ సింక్ పెద్దది వేస్తారు మాస్టారూ. సరే, ఫ్యాన్ బయటే ఉందనుకుందాం. దాని బేరింగుకి ఉప్పు పట్టదా? అది ఆగాక మీ 10 డిగ్రీల లెక్క ఏమవుతుంది?

మీటర్ మాస్టారు: ఫ్యాన్ మార్చుకోవచ్చు. మళ్లీ చెప్తున్నా, అది బయట ఉంటుంది.

గాజువాక రిపేర్: బయట, బయట అంటారు! పోయినేడాది నేను బిగించినవి ఆరు వెనక్కొచ్చాయి. తుప్పు వారంటీలోకి రాదన్నారు. రెండింటికి నా జేబులోంచి కట్టాను. పెట్టె మీద ఐపీ65 అని చూసే కదా నమ్మింది?

మీటర్ మాస్టారు: అది దుమ్ముకీ, నీటి ధారకీ. ఉప్పు పరీక్ష వేరు. అడిగి కొనాల్సింది మీరు.

గాజువాక రిపేర్: ఇక్కడే నాకు మండుతుంది. విశాఖలో అమ్మే సరుకు సముద్రానికి తగ్గట్టు చేయడం తయారుచేసేవాడి పని కాదా? బోర్డుకి ఉప్పు, తేమ తగలకుండా కోటింగ్ వేయలేరా?

మీటర్ మాస్టారు: నేను గీసిన బోర్డుకి కోటింగ్ పెట్టాను, వేడికి ఎండిపోని ఫిల్మ్ కెపాసిటర్లు పెట్టాను. ధర పెరుగుతోందని కంపెనీవాళ్లు రెండూ తీయించారు. కొనేవాళ్లు అడగనంతకాలం వేయరు బాబూ. ఆ బాధ నాకూ ఉంది.

వాల్తేరు వాసి: వారంటీ కాగితం ఇప్పుడే చదివాను. తీరానికి 500 మీటర్ల లోపు తుప్పుకి వర్తించదట. మా ఇంటికి బీచ్ 400 మీటర్లు. బిగించినవాళ్లు ఈ మాట చెప్పలేదు. ఉప్పు పరీక్ష కాగితం ఏమని అడగాలి?

మీటర్ మాస్టారు: ఐఈసీ 60068-2-52 రిపోర్టు అడగండి.

గాజువాక రిపేర్: అది చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.