‘దో లాస్కి వోయ్‌స్కోవోయి’: సైన్యం దయా, ఆచంద్రార్కమా?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. కొసాక్కు దొరల ఇంటి కాగితాలు కొన్ని తెలుగు చేస్తున్నాను. ఉక్రెయిన్‌లో సులీమా వంశంవారివి. కొసాక్కులంటే అక్కడి యోధుల సమూహం. స్కోరుపా, వొయ్‌త్సెహోవిచ్ కుటుంబాల కాగితాలతో కలిపి 1884లో కీవ్‌లో అచ్చయ్యాయి. ఆ కాలంలో హెత్‌మాన్, అంటే కొసాక్కుల అధినేత, తన కింది సర్దార్లకి ఊళ్ళు రాసిచ్చేవాడు. ఆ ఉత్తర్వుని ‘యూనివర్సల్’ అంటారు. అలాంటి ఉత్తర్వుల్లో మాటిమాటికీ వచ్చే ముక్క ‘దో లాస్కి వోయ్‌స్కోవోయి’. ‘సైనిక దయ దాకా’ అని రాశాను గానీ చదివితే నాకే నవ్వొస్తోంది. మంచి మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

శ్రీకాకుళం కుర్రాడు:
రష్యన్ నిఘంటువులో ‘లాస్క’ అంటే లాలన, బుజ్జగింపు అని ఉందండీ. సైన్యం వీళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకుందంటారా?

శాసనాల మేష్టారు:
నాయనా, ఇక్కడ రష్యన్ నిఘంటువు పక్కన పెట్టు. ఉక్రేనియన్‌లో లాస్క అంటే దయ, అనుగ్రహం. ఇవాళ్టికీ వాళ్ళు ‘దయచేసి’ అనాలంటే ‘బుద్ లాస్క’ అంటారు.

అసలు చిక్కు రెండో మాటతో. ‘వోయ్‌స్కో’ అంటే సైన్యమే, కాదనను. కానీ 1648లో పోలండు మీద చేసిన తిరుగుబాటు తరవాత ద్నీపర్ నది రెండు పక్కలా ఏర్పడ్డ వాళ్ళ రాజ్యానికి పేరే ‘జపోరోజియా వోయ్‌స్కో’. జిల్లాని ‘పోల్క్’ అన్నారు, అంటే పటాలం. దాని కింద ‘సోత్న్య’, నూరుమంది దళం. పోల్క్‌ని ఏలే ‘పోల్కోవ్నిక్’ యుద్ధానికి నడిపిస్తాడు, పన్నులు చూస్తాడు, తగవులు తీరుస్తాడు. అతన్ని ‘కల్నల్’ అని రాస్తే సగం మనిషే కనబడతాడు. 18వ శతాబ్దం నడుమ పెరెయాస్లావ్‌కి పోల్కోవ్నిక్‌గా ఉన్న సెమెన్ సులీమా అలాంటివాడే. కాబట్టి ‘సైనిక దయ’ వద్దు. ‘సర్కారువారి దయ ఉన్నన్నాళ్ళూ’ అంటే మనవాడికి అర్థమవుతుంది.

కడప రెడ్డిగారు:
మేష్టారూ, ఇంత డొంకతిరుగుడెందుకు? మన దానశాసనాల్లో తయారుగా ఉందిగా, ‘ఆచంద్రార్క స్థాయిగా, పుత్రపౌత్ర పారంపర్యంగా’ అని. అది పెడితే పాతకాలపు ఠీవి వస్తుంది.

శాసనాల మేష్టారు:
ఠీవి వస్తుంది రెడ్డిగారూ, అర్థం తలకిందులవుతుంది! ఆచంద్రార్కం అంటే ఇచ్చినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు. ఇక్కడ దయ తప్పితే ఊరు పోతుంది. కొన్ని ఊళ్ళు మనిషికి కూడా కాదు, పదవికి. పోల్కోవ్నిక్‌గా ఉన్నంతకాలం తింటాడు, దిగిపోతే తరవాతివాడిది. మీ సీమ మాటే ఉందిగా, ‘అమరం’. కొలువు చేసినంతకాలం అనుభవించే భూమి. ఇంగ్లీషు దొరల కాలంలో ‘సర్వీసు ఇనాం’ అన్నదీ ఇంచుమించు ఇదే.

ఆచంద్రార్కాన్ని దాచి ఉంచండమ్మా, వేరే చోట పనికొస్తుంది. హెత్‌మాన్ దయ మీద బతకడం ఇష్టంలేక ఈ దొరలు మాస్కో దాకా వెళ్ళి జారు, అంటే రష్యా చక్రవర్తి, చేత అదే ఊరికి ఇంకో పత్రం రాయించుకునేవాళ్ళు. అందులో ‘వేచ్నో’ అని ఉంటుంది, శాశ్వతంగా అని. ఆచంద్రార్కం అక్కడ పెట్టండి. ఒకే ఊరికి మొదటి కాగితంలో ‘దయ ఉన్నన్నాళ్ళూ’, రెండో కాగితంలో ‘ఆచంద్రార్కం’ అని పక్కపక్కన కనబడితే, ఆ ఇళ్ళవాళ్ళు ఏం చేశారో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. రెండూ ఒకే మాటతో తెలుగు చేస్తే కథంతా పోయినట్టే.

అసలీ కాగితాలు మనదాకా మిగిలాయంటే వాటి అవసరం అలాంటిది. 1764లో రష్యా రాణి రెండో కాథరీన్ హెత్‌మాన్ పదవినే తీసేసింది. ఆ మరుసటి ఏడాదినుంచి రుమ్యాన్‌త్సెవ్ అనే పాలకుడు ఊరూరా సర్వే చేయించి, భూమికి హక్కు పత్రం చూపించమన్నాడు. 1781లో పోల్కులూ రద్దు. 1785లో కులీనులకి హక్కుల పత్రం వచ్చింది. ఆ హక్కులు కావాలంటే నువ్వు కులీనుడివని కాగితం చూపించాలి. అంతే, తాతల నాటి యూనివర్సళ్ళు, మర అమ్మకం దస్తావేజులు, వీలునామాలు అన్నీ పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ వేసినప్పుడు మన ఇనాందార్లు రాగిరేకులూ సనదులూ పట్టుకుని పరిగెత్తారు చూడండి, అదే హడావుడి. తమాషా ఏమిటంటే, ఈ వంశానికి పెద్దగా చెప్పుకునే ఇవాన్ సులీమా పచ్చి తిరుగుబాటుదారు. 1635లో పోలండువాళ్ళు ద్నీపర్ మీద కట్టిన కొదాక్ కోటని నేలమట్టం చేశాడు. అదే ఏడాది వార్సాలో తల తీయించుకున్నాడు.

హైదరాబాద్ ఆపా:
మేష్టారూ, మీరు చెప్పిందంతా సరే గానీ ‘సర్కారు’ నాకు గొంతు దిగట్లేదు. సర్కారంటే పైనుంచి హుకుం చేసేది. కొసాక్కులు హెత్‌మాన్‌ని ఎన్నుకునేవాళ్ళు, పేరుకైనా సరే. దయ చూపించేది ఒక దొర కాదు, ఒక సమూహం. పైగా ‘కొసాక్కు’ అన్న మాటే తుర్కీది. ఏ దొరకీ లొంగకుండా తిరిగేవాడని. మా ఉర్దూలో అదే ‘కజ్జాక్’ అయి దోపిడీగాడన్న అర్థంలో పడింది, అది వేరే సంగతి. అలాంటివాళ్ళకి సర్కారు అంటగడతారా?

శాసనాల మేష్టారు:
ఆపా మాట నిజం. హెత్‌మాన్ తన పేరు రాసుకునే తీరే చూడండి. ‘ఫలానా హెత్‌మాన్, జారు ప్రభువులవారి జపోరోజియా వోయ్‌స్కోతో సహా’ అని మొదలుపెడతాడు. ఆ ‘సహా’ వట్టి అలంకారమని నేననుకోను. అయితే సర్కారు తీసేద్దాం. ‘వోయ్‌స్కో దయ ఉన్నన్నాళ్ళూ’ అని, మొదటిసారి వచ్చినచోట వోయ్‌స్కో అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పెయ్యండి. పోల్కోవ్నిక్, హెత్‌మాన్ ఎలాగూ ఉంచుతున్నారు, ఇంకో మాటకి పాఠకుడు బెదిరిపోడు.

అనువాదకురాలు:
చాలా సంతోషం మేష్టారూ, ఆపా. ఇంకొక్కటి. ఊరు ఇచ్చాక, అక్కడి వోయ్ట్ (ఊరిపెద్ద), రైతులు కొత్త యజమానికి ‘జ్విక్లె పోస్లుషెన్‌స్త్వో’ చెయ్యాలి, కొసాక్కులు మాత్రం మినహా అని ఉంటుంది. ‘అలవాటైన విధేయత’ అని రాశాను.

శ్రీకాకుళం కుర్రాడు:
విధేయత కాదండీ, పని! గడ్డి కొయ్యడం, గట్లు వెయ్యడం. ‘వెట్టి’ అనేయండి.

శాసనాల మేష్టారు:
కుర్రాడు దారిలో పడ్డాడు. ‘స్లుహ్’ అంటే వినికిడి. మన సంస్కృతం ‘శ్రు’ ధాతువుకి దగ్గర చుట్టం. వినడం నుంచి మాట వినడం, మాట వినడం నుంచి చాకిరీ. మన ‘శుశ్రూష’ నడిచిన దారీ అచ్చం ఇదే. వినాలన్న కోరికతో మొదలై సేవ దగ్గర తేలింది. అలాగని ‘రైతులు దొరకి శుశ్రూష చేయవలెను’ అని రాసేరు, దొరకి జ్వరమొచ్చిందనుకుంటారు. వెట్టి కొంచెం తొందర. రైతుని ఊరికి కట్టేసే ఉత్తర్వు 1783లో గానీ రాలేదు, ఈ యూనివర్సళ్ళు అంతకుముందువి. ‘ఎప్పటి ఊడిగం’ పెట్టండి.

హైదరాబాద్ ఆపా:
‘మామూలు ఊడిగం’ అంటే ఇంకా బాగుంటుంది. ‘మామూలు’లో ఆనవాయితీ ఉంది, వసూలూ ఉంది.

అనువాదకురాలు:
‘మామూలు ఊడిగం’. రాసేసుకున్నాను ఆపా.