అలాయ్ వీల్స్‌కి ఊడదీసే రబ్బరు స్ప్రే: విజయవాడ ఎండకి ఆగుతుందా?

అడిగినవారు (సింగ్ నగర్, విజయవాడ):
అందరికీ నమస్కారం. నాది తెల్ల హ్యాచ్‌బ్యాక్. వెండి రంగు అలాయ్‌లు మెరుపు పోయి పాతబడిపోయాయి. వాటికీ, రూఫ్‌కీ, డోర్ల కింది భాగానికీ మ్యాట్ బ్లాక్ రబ్బరు స్ప్రే కొడదామని ఉంది. నచ్చకపోతే ఊడదీసేయొచ్చు అంటున్నారు. మన ఎండకి అదే ఊడిపోతుందేమోనని ఒక టెన్షన్. రెండోది, 2024 బుడమేరు వరదలో బండి మునిగింది, ఎడమవైపు డోర్లు రెండూ బయటి షెడ్డులో మళ్లీ పెయింట్ చేయించాను. వాటి మీద కొట్టొచ్చా? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే చేసుకోగలనా?

డీటెయిలింగ్ పని చేసే సభ్యుడు (గుంటూరు):
తమ్ముడూ, ఎండ గురించి భయం వద్దు. ఈ రకంలో బాగా పేరున్న ప్లాస్టీ డిప్‌కి కంపెనీ చెప్పే హద్దు 93 డిగ్రీల సెల్సియస్. మే నెలలో మన రూఫ్ ఎంత కాలినా అంత వేడి ఎక్కదు. ఆరిన పొరకి ఎండతో వచ్చే ఇబ్బంది వేరు. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పొర అరిగి పలచబడుతుంది, తర్వాత తీయడం కష్టమవుతుంది. మూడేళ్లు దాటనివ్వకుండా తీసేసి కొత్తది కొట్టుకోండి.

అసలు జాగ్రత్త మందం దగ్గర. దీన్ని మామూలు పెయింట్ అనుకుని రెండు చేతులు కొట్టి రంగు కమ్మింది కదా అని ఆపేస్తారు. అప్పటికి బాగానే కనబడుతుంది. తీసే రోజు మాత్రం గోటితో గీకాల్సి వస్తుంది, చిన్న చిన్న ముక్కలుగా తెగిపోతుంది. ఐదారు పొరలు పడితే పాల మీద మీగడ ఎత్తినట్టు ఒకే ముక్కగా లేస్తుంది. అందుకే చక్రానికి సుమారు ఒక క్యాన్ లెక్కేసుకోండి, రూఫ్‌కి విడిగా కొనండి. రంగు ఒక్కటే చూసి క్యాన్లు తగ్గించుకోవద్దు.

పద్ధతి ఇది. షాంపూతో కడిగి ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పాలిష్, వ్యాక్స్, టైర్ షైన్ జిడ్డు కొంచెం మిగిలినా అక్కడ పొర పట్టదు. క్యాన్‌ని నిమిషం పాటు గట్టిగా ఊపండి. జానెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా కొట్టండి. మొదటి పొరకి కింది రంగు సగం కనబడుతూనే ఉండాలి, పూర్తిగా కమ్మేయాలని చూడొద్దు. పొరకీ పొరకీ మధ్య పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వదలాలి. చివరి పొర తడిగా ఉండగానే మాస్కింగ్ టేప్ తీసేయాలి. ఆరాక తీస్తే టేపుతో పాటు పొర కూడా లేచి వస్తుంది.

చక్రాలు విప్పకుండానే చేయొచ్చు. ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖలు తీసుకుని టైరుకీ రిమ్ముకీ మధ్య చుట్టూతా ఒకదాని మీద ఒకటి వచ్చేలా దోపండి. ఆ అట్ట గట్టిగా నిలబడుతుంది, టైరు మీద చుక్క పడదు. లోపల బ్రేక్ డిస్క్‌కి, క్యాలిపర్‌కి కాగితం అడ్డం పెట్టండి. నట్టు బిగుసుకునే చోట, చక్రం హబ్‌కి (చక్రాన్ని బిగించే మధ్య భాగానికి) ఆనే చోట పొర అస్సలు ఉండకూడదు. మెత్తటి పొర నలిగితే నట్టు బిగువు సడలుతుంది. అది ప్రాణాలకి సంబంధించిన విషయం.

ఆటోనగర్ పెయింటర్ (విజయవాడ):
డోర్ల సంగతి నేను చెప్తాను. కంపెనీ పెయింట్ ఓవెన్‌లో కాల్చింది, దాని మీద ఈ రబ్బరు ఏమీ చేయదు. బయట వేసిన పెయింట్ అలా కాదు. కింద ప్రైమర్ సరిగ్గా పట్టకపోయినా, లప్పం మందంగా పెట్టి ఉన్నా, రబ్బరు ఊడదీసేటప్పుడు పెయింట్ కూడా దాంతో లేస్తుంది. వరద బండ్లకి తొందర తొందరగా చేసిన పనులు చాలా చూశాను కాబట్టి చెప్తున్నా. ముందు డోర్ అడుగున, బయటికి కనబడని అంచు మీద అరచేయంత కొట్టి, మర్నాడు తీసి చూడండి. శుభ్రంగా వస్తేనే మిగతాది. నన్నడిగితే ఈసారికి డోర్లు వదిలేయండి.

ఇక సెల్లార్ వద్దే వద్దు. ఇందులో టొలుయీన్, జైలీన్ లాంటి సాల్వెంట్లు ఉంటాయి. గాలి ఆడని చోట తల తిరుగుతుంది, నిప్పు రవ్వ తగిలితే అంటుకుంటుంది. పైగా పక్క బండ్ల మీద తుంపర పడితే గొడవ. నీడ ఉన్న ఆరుబయట, కార్బన్ ఫిల్టర్ మాస్కుతో చేయండి. గుడ్డ మాస్కు పనికిరాదు.

సభ్యురాలు (పటమట):
ఆర్‌సీ ఇబ్బంది ఏమైనా ఉంటుందా అండీ? మా తమ్ముడు తన జీపు మొత్తం మిలిటరీ ఆకుపచ్చ చేస్తానంటున్నాడు.

డీటెయిలింగ్ పని చేసే సభ్యుడు (గుంటూరు):
చక్రాలకీ, గ్రిల్‌కీ, లోగోలకీ ఏమీ ఉండదండీ. బండి రంగు ఆర్‌సీలో రాసి ఉంటుంది కాబట్టి మొత్తం మార్చాలంటే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి, ఆర్‌సీలో మార్పించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఈ మార్పుల గురించే. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి. ఊడదీసే రంగే కదా అంటే రోడ్డు మీద ఆపినవాళ్లు వినరు. మీ తమ్ముడి కోరిక మాత్రం కుదరదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. ఇంకో రంగు చూసుకోమనండి.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. డోర్లు మానేస్తున్నా. ఏ నెలలో కొడితే మంచిది? దసరాకి బండి పూజ ఉంటుంది, అప్పటికల్లా అయిపోవాలని అమ్మ అంటోంది.

డీటెయిలింగ్ పని చేసే సభ్యుడు (గుంటూరు):
కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, పొద్దున మంచు విడిచాక మొదలుపెడితే శ్రేష్ఠం. కాలిన రేకు మీద కొడితే స్ప్రే గాల్లోనే ఆరిపోయి గరుగ్గా పడుతుంది. వాన ముసురులో కొడితే తేమకి తెల్లగా పొగ పట్టినట్టు మచ్చలొస్తాయి. దసరా లోపే కావాలంటే వాన లేని, రేకు కాలని పొద్దుటి పూట చూసుకుని చక్రాలు చేయండి, రూఫ్ తర్వాత.

పూజలో ఒక జాగ్రత్త. మ్యాట్ రబ్బరు మీద పసుపు, కుంకుమ ఇంకిపోతాయి, సన్నటి గరుకులో చేరితే వదలవు. బొట్లు అద్దం మీద పెట్టమనండి. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక రసం చిందిన చోట నీళ్లు పోయండి.

పెట్రోల్ సంగతి కూడా చెప్పాలి. రూఫ్, చక్రాల వరకు అయితే బాధ లేదు. ఎప్పుడైనా ట్యాంకు మూత పక్క ప్యానెల్‌కి కొడితే, బంకులో చుక్క కారినప్పుడు గుడ్డతో రుద్దొద్దు. పెట్రోల్‌కి మెత్తబడిన రబ్బరు గుడ్డకి అంటుకుని లేచిపోతుంది. కదపకుండా ఆరనిస్తే మళ్లీ గట్టిపడుతుంది.

ఆటోనగర్ పెయింటర్ (విజయవాడ):
కొట్టాక కనీసం నాలుగు గంటలు బండి తీయొద్దు. ప్రెషర్ వాష్ వాళ్లకి గన్ అంచుల దగ్గర పెట్టొద్దని ముందే చెప్పండి. ఎక్కడైనా పలచగా ఉండి ఊడకపోతే గీకొద్దు. దాని మీదే ఇంకో రెండు మూడు పొరలు కొట్టి ఆరనివ్వండి. కొత్త పొర పాతదాన్ని పట్టుకుంటుంది, రెండూ కలిసి వచ్చేస్తాయి.