అడవిలో వెలిగే పుట్టగొడుగును తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
మొన్న జులైలో పుణే నుంచి భీమాశంకర్ వైపు వెళ్లాం. అభయారణ్యం అంచున ఉన్న ఊళ్లో ఒక రైతు పొలం గట్టు మీద గుడారం వేసుకున్నాం. రాత్రి పది దాటాక వాన తెరిపి ఇచ్చింది. టార్చిలైట్లన్నీ ఆర్పేసి కాసేపు కదలకుండా కూర్చోమన్నాడు ఆ రైతు. ఫోన్లు కూడా తీయవద్దన్నాడు. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక, గుడారం తాడు కట్టిన మోడు మొదట్లో పాలిపోయిన మరక లాంటిది కనబడింది. వెన్నెల పడిందనుకున్నాను. తల ఎత్తి చూస్తే ఆకాశమంతా మబ్బు.

వంగి ఒక పుల్ల తీశాను. వేలెడంత ఉంది, నానిపోయి మెత్తబడింది, చల్లగా ఉంది. బెరడు ఊడిన చోటల్లా వెలుగుతోంది. దాన్ని పట్టుకున్న నా వేళ్లు ఆ వెలుగుకు అడ్డంగా నల్లగా కనబడ్డాయి. మోడుకు అవతలి పక్క చొక్కా గుండీ కన్నా చిన్న గొడుగులు నాలుగైదు, అవీ అదే వెలుగుతో ఉన్నాయి.

పొద్దున్నే ఖమ్మం జిల్లాలో ఉన్న అమ్మకు ఫోను చేశాను. "పుట్టగొడుగులు మెరుస్తున్నాయమ్మా" అంటే, "వాన నీళ్లు పడితే మెరవవా?" అంది. "కాదమ్మా, వెలుగుతున్నాయి. కట్టె కూడా వెలుగుతోంది" అన్నాను. "తడికట్టె పొయ్యిలోనే రాజుకోదు, అడవిలో ఎలా వెలుగుతుందిరా?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. మెరవడానికి బయటి వెలుతురు కావాలి. వెలగడం అంటే మన మనసుకు ముందు తట్టేది మంట. నేను చూసినదానికి ఈ రెండూ సరిపోవు. మరి ఏమనాలి?

రాజమండ్రి సభ్యుడు:
మిణుగురు పుట్టగొడుగు అంటే సరిపోతుంది కదండీ. మిణుగురు పురుగు వెలుగు కూడా వేడి లేనిదే. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలు:
పాఠంలో మేము జీవదీప్తి అంటాం. శిలీంధ్రంలో లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో అది ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఆకుపచ్చని కాంతి వస్తుంది. ఇలాంటి శిలీంధ్రాలు ప్రపంచంలో వందకు పైగా ఉన్నాయి. మీకు పాలిపోయినట్టు కనబడటానికీ కారణం ఉంది. అంత మసక వెలుతురులో మన కన్ను రంగును సరిగా పట్టలేదు. కెమెరా లెన్సును చాలాసేపు తెరిచి ఉంచితేనే ఫొటోలో నిండు ఆకుపచ్చ వస్తుంది. అందుకే ఫొటోలు చూసి వెళ్లినవాళ్లు అక్కడ నిరాశపడతారు.

ఒక మాట కూడా చెప్పాలి. వెలిగేది ఎప్పుడూ గొడుగే కాదు. మేఘాలయలో ఎండిన వెదురు మీద పెరిగే ఒక జాతిని 2020లో కొత్తదిగా ప్రకటించారు. దాని పేరు రోరిడోమైసెస్ ఫిల్లోస్టాకిడిస్. అందులో కాడ వెలుగుతుంది, పైనున్న గొడుగు వెలగదు. అక్కడివాళ్లు ఆ వెదురు ముక్కలు చేతపట్టుకుని రాత్రి అడవిలో దారి చూసుకుంటారు. మీ పుల్లలో వెలిగింది కట్టె లోపలికి పాకిన శిలీంధ్రపు పోగులు.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. జీవదీప్తి పాఠ్యపుస్తకానికి బాగుంది. మిణుగురు మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. మిణుగురు అంటే నిప్పురవ్వ కూడా. మిణుకు మిణుకుమనడం అంటే వెలిగి ఆరడం. నేను చూసిన వెలుగు అరగంట సేపు రెప్ప వేయలేదు. 1839లో బ్రెజిల్‌లోని నాటివిడాడె ఊరి వీధిలో పిల్లలు ఏదో వెలిగేదానితో ఆడుకుంటుంటే జార్జ్ గార్డ్నర్ అనే వృక్షశాస్త్రవేత్త కూడా ముందు మిణుగురే అనుకున్నాడు. దగ్గరికి వెళ్తే పుట్టగొడుగు. ఆ ఊరివాళ్లు దాన్ని పిలిచే పేరును మాటకు మాటగా తెలుగులోకి తెస్తే "కొబ్బరి పువ్వు" అవుతుంది. తాటి జాతి చెట్ల మొదళ్లలో పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. వెలుగు ఊసే లేకుండా ఎంత సొంతంగా పేరు పెట్టుకున్నారో చూడండి.

గుంటూరు సభ్యుడు:
"పుట్ట" గురించి ఎవరూ మాట్లాడలేదు. మనం కూర వండుకునే అసలు పుట్టగొడుగు చెదపుట్ట మీద మొలిచేది. చెదలు తమ పుట్టలో పెంచే శిలీంధ్రమే వానలకు గొడుగై పైకి వస్తుంది. మన పూర్వులు పేరు పెట్టింది అక్కడ చూసి. పనికిరానివాటిని కుక్కగొడుగులన్నారు. పుచ్చిన కట్టె మీద వెలిగేదానికి పుట్టతో సంబంధం లేదు, ఒట్టి గొడుగు చాలు.

పాత కవిత్వంలోనూ దీనికి దగ్గరి మాట ఉంది. కుమారసంభవం మొదటి సర్గలో హిమాలయం మీద రాత్రిపూట వెలిగే ఓషధులను కాళిదాసు "అతైలపూరాః" అంటాడు. నూనె పోయని దీపాలు. మేఘసందేశంలో మబ్బు ఉరిమితే భూమి మీద శిలీంధ్రాలు మొలుస్తాయంటాడు. ఉరిమితే పుట్టగొడుగులు వస్తాయని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. శిలీంధ్రం ఇప్పుడు పాఠాల్లో బూజునూ కలుపుకుంది కానీ, అప్పుడు వానకు మొలిచే మొలకే.

కర్నూలు సభ్యురాలు:
మా నాయనమ్మ ఉంటే కొరివిదయ్యం అనేది. కొరివి అంటే మండే కట్టె. మీరు చల్లగా ఉందన్నారు కాబట్టి అది నప్పదు. నాకు మీ మొదటి మాటే నచ్చింది: "వెన్నెల పడిందనుకున్నాను." వెన్నెల చల్లన, కదలదు, కాలదు. జపాన్‌లో ఇలా వెలిగే ఒక విషపు పుట్టగొడుగును సుకియొతకె అంటారట. వెన్నెల రాత్రి పుట్టగొడుగు అని అర్థం. వాళ్లకూ అదే తోచింది. గొడుగుకు వెన్నెలగొడుగు అనండి. కట్టెకు వేరే పేరు ఎందుకు? బూజు పట్టింది, నాచు పట్టింది, తుప్పు పట్టింది అంటాం కదా. అలాగే వెన్నెల పట్టిన కట్టె.

ప్రశ్న వేసినవారు:
ఈ "పట్టిన" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కట్టెకు శిలీంధ్రం పట్టడం, దానితోపాటే వెలుగు పట్టడం, రెండూ ఒక్క క్రియలో వచ్చాయి. ఉపాధ్యాయురాలు చెప్పిన పోగుల సంగతి కూడా అందులోనే ఉంది. కొత్త మాట పుట్టించక్కర్లేదు. మన ఇంట్లో రోజూ వాడే క్రియే చాలు.

నిన్న రాత్రి అమ్మకు మళ్లీ ఫోను చేసి, "ఆ కట్టెకు వెన్నెల పట్టిందమ్మా" అన్నాను. ఈసారి పొయ్యి ఊసెత్తలేదు. "ముట్టుకుంటే చల్లగా ఉందా?" అని అడిగింది.