సమస్య: గుడ్డు పెట్టక మీనమ్ము కొడుకుఁ గనెను

తేటగీతం: ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నా. తీరం రాళ్ళలో, కెల్ప్ నాచులో బతికే క్లైనిడే కుటుంబపు చేపలు (క్లిప్‌ఫిష్‌లు, కెల్ప్‌ఫిష్‌లు) పద్యంలో కనపడాలి. యతి తప్పితే ఊరుకోను.

నత్తగుల్ల:
అద్రికాప్సర శాపాన నలల మునిఁగి
యమున నీటిలో మీనమై యవతరించి
వసువు బీజమ్ముఁ గొని మోసె వంశకరుని
గుడ్డు పెట్టక మీనమ్ము కొడుకుఁ గనెను

తేటగీతం: ధార బాగుంది, యతులన్నీ కుదిరాయి. కానీ సముద్రం అడిగితే యమునకు తీసుకెళ్ళారేంటండీ! పైగా భారతంలోని ఆ అద్రిక కథలో జాలరులు చేపను పట్టి కడుపు చీలిస్తే కదా పిల్లలిద్దరూ బయటపడింది, ఇక కనడం ఎక్కడ?

అలజడి:
దక్షిణాఫ్రికా తీరాన దాగి రాళ్ళ
గుంటలోఁ గెల్పు నీడలఁ గొలువు దీరి
కడుపులోననే పిల్లలఁ గాచి పెంచి
గుడ్డు పెట్టక మీనమ్ము కొడుకుఁ గనెను

తేటగీతం: ఇది నేరుగా విషయంలోకి వచ్చింది. అక్కడి క్లిప్‌ఫిష్‌లు నిజంగానే పిల్లల్ని కంటాయి, కొన్ని జాతుల్లో అయితే ఒకే తల్లి కడుపులో వేర్వేరు వయసుల పిండాలు ఒకేసారి పెరుగుతుంటాయి, అదీ పద్యంలో పట్టి ఉంటే అదిరిపోయేది. ఒక్కటే ఇబ్బంది, మూడో పాదంలో ‘పిల్లలు’ అనేసి చివరికి కొడుకు ఒక్కడే మిగిలాడు. ‘కడుపులోపల దాచుక కాచి పెంచి’ అంటే సరిపోతుంది.

పాదాలనాలుగు: నాది కాలిఫోర్నియా చేప. 60 సెంటీమీటర్ల దాకా పెరిగే జెయింట్ కెల్ప్‌ఫిష్, ఎర్ర నాచులో ఎర్రగా, పచ్చదాంట్లో పచ్చగా మారిపోతుంది. ఇది గుడ్లు పెట్టే రకం, కాపలా మగదానిది.
ఆలి గుడ్లను నాచులో నంటఁబెట్ట
తండ్రి కాపుండి శత్రులఁ దరిమి తరిమి
చిట్టి కన్నులు దెరువఁగాఁ జిన్నవాఁడు
గుడ్డు పెట్టక మీనమ్ము కొడుకుఁ గనెను

తేటగీతం: ‘కనెను’ని చూసెను చేశారు! గుడ్డు పెట్టనిది తండ్రి. భేష్, నా ఓటు దీనికే.

నత్తగుల్ల: ఆగండాగండి, ఆ చేప పిల్లలు గాజులా పారదర్శకంగా ఉంటాయి కదా, తండ్రి దేన్ని చూశాడట?

పాదాలనాలుగు: ఒళ్ళు గాజే, కళ్ళు మాత్రం నల్లగా కనపడతాయి. మూడో పాదం ఇంకోసారి చదవండి సార్.