సంబంధం చూస్తూ అబ్బాయి పేరు కౌంటీ వారెంట్లలో వెతకొచ్చా?

ప్లేనో వాసు:
గుంటూరులో ఉన్న మా చెల్లికి ఇక్కడ టెక్సస్‌లోని ఫ్రిస్కో అబ్బాయి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులు వీడియో కాల్‌లో అయ్యాయి, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మా బాబాయి మాత్రం రోజూ ఫోన్ చేసి ఒకటే గొడవ. "అక్కడ అరెస్టు వారెంట్లు ఎవరైనా చూసుకోవచ్చటగా, నువ్వక్కడే ఉండి చూడకపోతే ఎలారా?" అంటాడు. అమ్మకు అది బొత్తిగా నచ్చలేదు, వాళ్ళకు తెలిస్తే సంబంధం చెడుతుందని భయం. ఎలా వెతకాలో తెలిసినవాళ్ళు చెప్పండి. అబ్బాయికి చెప్పకుండా వెతకడం సబబేనా అన్నది కూడా చెప్పండి.

గోదారి గట్టు:
ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ? జీతం స్లిప్పు అడుగుతాం, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అయిందా అని అడుగుతాం, వాళ్ళ తాతకు షుగర్ ఉందా అని కూడా ఆరా తీస్తాం. ప్రభుత్వమే బయటపెట్టిన కాగితం చూడ్డానికి మొహమాటమా? పేరు కొట్టి పాతిక డాలర్లు కడితే మొత్తం చిట్టా ఇచ్చే సైట్లు బోలెడు. కట్టి చూసెయ్.

డెంటన్ సుధ:
గట్టు గారూ, ఆ పాతిక డాలర్లు మాత్రం కట్టించకండి. నేనిక్కడ ఓ క్రిమినల్ డిఫెన్స్ లాయరు దగ్గర పారాలీగల్‌ని. ఆ సైట్లు ఎక్కడెక్కడి పాత డేటానో కొని అతికించినవి. స్పోకియో అనే కంపెనీ అలాంటి ప్రొఫైళ్ళను నిబంధనలు పాటించకుండా ఉద్యోగాలిచ్చేవాళ్ళకు అమ్మిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, 2012లో 8 లక్షల డాలర్లు కట్టి బయటపడింది.

వాసు గారూ, దేశం మొత్తానికి కలిపి వెతికే వ్యవస్థ పోలీసులకే ఉంది. ఎఫ్‌బీఐ 1967లో మొదలుపెట్టిన ఎన్‌సీఐసీ అది, మనకు అందులోకి దారి లేదు. మనం కౌంటీ కౌంటీ (మన జిల్లాల్లాంటివి) తిరగాల్సిందే. టెక్సస్‌లోనే 254 ఉన్నాయి. ఫ్రిస్కో ఊరే కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్‌లో ఉంది. పైగా వారెంటు ఉండేది కేసున్న చోట, మనిషి ఇల్లున్న చోట కాదు. హ్యూస్టన్ వెళ్తూ ఐ-45 మీద లియాన్ కౌంటీలో స్పీడింగ్ టికెట్ పడి, కోర్టు తేదీ పట్టించుకోకపోతే వారెంటు లియాన్‌లోనే పుడుతుంది. కాలిన్‌లో ఎంత వెతికినా కనపడదు.

ఒక్క కౌంటీలో కూడా అన్నీ ఒక చోట ఉండవు. మామూలుగా ఫెలనీలు (పెద్ద నేరాలు) డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, క్లాస్ ఎ, క్లాస్ బి మిస్‌డిమీనర్లు (అంతకంటే చిన్నవి) కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. తాగి నడిపి మొదటిసారి దొరికితే క్లాస్ బి. జరిమానాతో పోయే క్లాస్ సి, అంటే ట్రాఫిక్ టికెట్లు, ఊరి పోలీసు రాస్తే మునిసిపల్ కోర్టుకు, షెరిఫ్ మనుషులో హైవే ట్రూపరో రాస్తే చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు పోతాయి. కాలిన్, డెంటన్, డల్లాస్ కౌంటీలకు పేరుతో కేసులు వెతికే ఆన్‌లైన్ పేజీలున్నాయి, వెతకడానికి డబ్బులేమీ అక్కర్లేదు. కేసు తెరిస్తే కింద తేదీలవారీగా జరిగినవన్నీ ఉంటాయి. వారెంటు ఇచ్చారా, అమలై వెనక్కొచ్చిందా అన్నది అక్కడే చూసుకోవాలి. కొన్ని షెరిఫ్ ఆఫీసులు వారెంట్ల జాబితా విడిగా పెడతాయి, కొన్ని ఫోన్‌లో చెప్తాయి, కొన్ని ఐడీ పట్టుకుని రమ్మంటాయి. (వారెంటు మీ పేరు మీదే ఉంటే ఇక అక్కడే కూర్చోబెడతారు, జోక్ కాదు.)

ఇంకో ముఖ్యమైన సంగతి. టెక్సస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 15.26 ఆర్టికల్ ప్రకారం వారెంటు కాపీని, దాని వెనకున్న అఫిడవిట్‌ని క్లర్కు జనానికి చూపించాల్సింది అది అమలైనప్పటి నుంచి. మనిషిని పట్టుకోకముందే చూపిస్తే వాడు జారుకుంటాడు కదా. కాబట్టి వెతికితే ఏమీ రాలేదంటే ఏమీ లేదని కాదు.

ఇర్వింగ్ రవి:
సుధ గారు దారి చెప్పారు, మన పేర్లతో ఆ దారిన పోతే వచ్చే తంటా నేను చెప్తా. నా పేరు, ఇంటిపేరు రెండూ ఉన్నవాడు ఇదే కౌంటీలో ఇంకొకడున్నాడు. ఓ అపార్ట్‌మెంట్ ఆఫీసులో వాడి కేసు నా ముందు పెట్టి, నేను కాదని రుజువు చేసుకోమన్నారు. పుట్టినతేదీలు చూపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పాస్‌పోర్టులో పేర్లన్నీ ఒకే గడిలో రాయించుకున్న మనవాళ్ళకు వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, ఒక్కోసారి లైసెన్సు మీదికీ అదే దిగుతుంది. వెంకట అన్నది మొదటి పేరో, మధ్య పేరో టికెట్ రాసే ఆఫీసరుకేం తెలుసు? లక్ష్మిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకే తెలుసు.

చెప్పకుండా వెతికితే ఇదే ప్రమాదం. తప్పు మనిషి కేసు చూసి మీరు వెనక్కి తగ్గుతారు, వాళ్ళకు మాత్రం జాతకాలు కుదరలేదని కబురు పెడతారు. అసలేం జరిగిందో ఆ అబ్బాయికి ఎప్పటికీ తెలియదు. నా మట్టుకు నాకు ఇది సబబు కాదు.

అట్లాంటా పద్మ:
రవి గారూ, మీకు జరిగింది అన్యాయమే. అమ్మాయి వైపు నుంచి కూడా చూడండి. హెచ్-4, అంటే డిపెండెంట్ వీసా మీద దిగుతుంది. చేతిలో ఉద్యోగం ఉండదు, కారు ఉండదు, వీసా కూడా మొగుడి వీసాకు ముడిపడి ఉంటుంది. అందరికీ వాసులాంటి అన్న అరగంట దూరంలో ఉండడు. నేను కష్టాల్లో ఉన్న ఆడవాళ్ళకు సాయం చేసే ఓ చోట వాలంటీర్‌ని. తన జోలికి రావద్దని మొదటి పెళ్ళాం కోర్టులో తెచ్చుకున్న ప్రొటెక్టివ్ ఆర్డర్ సంగతి దాచి రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళను చూశాను. ఆ కాగితాలు కోర్టులోనే ఉన్నాయి. అడిగితే ఏమనుకుంటారోనని అమ్మాయి తరఫువాళ్ళు చూడలేదు, అంతే.

మీ బాబాయి గారు వారెంట్లు అంటున్నారు గానీ, అది చూడాల్సిన చోటు కాదు. మనిషిని పట్టుకోగానే వారెంటు పని అయిపోతుంది, జాబితాలోంచి పేరు పోతుంది. కొట్టిన కేసు, విడాకుల కేసు కోర్టు రికార్డులో ఉంటాయి. వాటిని వెతకండి.

బే ఏరియా మాధవ్:
వారెంటు అనగానే సినిమాలో బేడీలు గుర్తొస్తాయి మనకు. ఇక్కడ చాలా వారెంట్లు కట్టని జరిమానాలవే. మిజోరీలోని ఫెర్గూసన్ జనాభా అప్పట్లో 21,000, అక్కడ పెండింగ్ వారెంట్లున్నవాళ్ళు 16,000 మంది ఉండేవారు. న్యాయశాఖ 2015లో ఆ ఊరి మీద ఇచ్చిన రిపోర్టులో బయటపడిన సంగతి ఇది. 2016లో యూటా వర్సెస్ స్ట్రీఫ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ సోటోమేయర్ తన అసమ్మతి తీర్పులో కూడా ఇదే లెక్క ఎత్తిచూపారు. మరి ఫెర్గూసన్‌లో పెళ్ళికి పనికొచ్చేవాళ్ళే లేరా?

గోదారి గట్టు:
మాధవ్ గారూ, ఫెర్గూసన్‌లో పేదోళ్ళు డబ్బుల్లేక కట్టలేదు. లక్ష డాలర్ల జీతగాడు రెండొందల టికెట్ కట్టకుండా వారెంటు దాకా తెచ్చుకున్నాడంటే అది పేదరికం కాదు, లెక్కలేనితనం. అది కూడా పెళ్ళికి ముందు తెలియాల్సిందే.

డెంటన్ సుధ:
గట్టు గారి మాట కొట్టిపారేయలేను. కాకపోతే ఇల్లు మారి నోటీసు పాత అడ్రసుకు పోయినవాళ్ళు మా ఆఫీసుకు బోలెడుమంది వస్తారు. వారెంటు ఉందని వాళ్ళకు లైసెన్సు రెన్యూవల్ ఆగినప్పుడే తెలుస్తుంది. పద్మ గారు చెప్పినదానికి ఒక చేర్పు: కేసు కొట్టేశాక ఎక్స్‌పంక్షన్ తెచ్చుకుంటే రికార్డే చెరిగిపోతుంది, అప్పుడు కోర్టులో వెతికినా దొరకదు.

యూఎన్‌టీ కుర్రోడు:
అన్నా, పెళ్ళికొడుకు సంగతి సరే, ముందు ఎవరి పేరు వాళ్ళు వెతుక్కోండి. 2025లో ఇమిగ్రేషన్ వాళ్ళు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లు ఎన్‌సీఐసీలో వేసి చూస్తే 6,400 దాకా తగిలాయి. కేసు కొట్టేసినవాళ్ళకూ సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డులు పోయాయి. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ ఆఖర్లో తిరిగి తెరిచారు. ఆ నెలంతా మా రూముల్లో ఉన్న టెన్షన్ మీకేం తెలుసు.

ఇంకోటి, "జ్యూరీ డ్యూటీకి రాలేదు, నీ మీద వారెంటుంది, గిఫ్ట్ కార్డులు కొను" అని ఫోన్ వస్తే పెట్టేయండి. సిటిజన్ కానివాళ్ళను జ్యూరీలో కూర్చోనివ్వరు, మనకెక్కడి వారెంటు! ఇండియాలో డిజిటల్ అరెస్టు పేరుతో నడిచేదీ ఇదే నాటకం.

ప్లేనో వాసు:
అందరికీ థాంక్స్. ఈ లోపు ఇంకోటి తెలిసింది. అబ్బాయి మేనమామ ఇండియా కోర్టు కేసుల సైటు ఈ-కోర్ట్స్‌లో మా నాన్న పేరు కొట్టి చూశాడట. పొలం గట్టు తగాదాలో ఓ సివిల్ కేసు కనిపిస్తే ఫోన్ చేసి నేరుగా అడిగాడు. నాన్నకు కాస్త కోపం వచ్చినా ఉన్నది చెప్పాడు, మాట అక్కడితో అయిపోయింది. ఆ సంగతి విని చెల్లి, మేమూ చూస్తామని అబ్బాయికి తనే చెప్తానంది. లైసెన్సు మీద పేరు ఎలా ఉందో, పుట్టినతేదీ ఏదో తననే అడుగుతుందట. అమ్మ ఒప్పుకుంది. బాబాయికి మాత్రం ఇది సుతరామూ నచ్చలేదు.

గోదారి గట్టు:
నాకూ నచ్చలేదు. చెప్పి వెతికితే ఇంకేం దొరుకుతుంది?

ఇర్వింగ్ రవి:
అతనికి చెప్తే కోర్టు రికార్డు మారిపోదు కదండీ. ఎక్స్‌పంక్షన్ కావాలన్నా పిటిషన్ వేసి హియరింగ్ దాకా నెలకు తక్కువ పట్టదు.

డెంటన్ సుధ:
వాసు గారూ, పేరుతో పాటు అంతకుముందు ఏ ఊళ్ళలో ఉన్నాడో కూడా అడగమనండి. ఎంఎస్ ఎక్కడ?

ప్లేనో వాసు:
వారెన్స్‌బర్గ్, సెంట్రల్ మిజోరీ యూనివర్సిటీ.

డెంటన్ సుధ:
అయితే ఆ భాగం తేలిక. అది జాన్సన్ కౌంటీ, కానీ మిజోరీ కోర్టులకు కేస్‌నెట్ అని రాష్ట్రమంతటికీ ఒకే సైటుంది, పేరుతో వెతకొచ్చు. అది ముందు చూసి, తర్వాత కాలిన్, డెంటన్ రెండూ చూడండి. ఏదైనా తగిలితే కేసు నంబరు, పుట్టినతేదీ కలిశాయో లేదో చూసుకున్నాకే బాబాయి గారికి ఫోన్ చేయండి.