నైట్రేట్ అయాన్, సల్ఫర్ ట్రైఆక్సైడ్ ఐసోఎలక్ట్రానిక్ అవుతాయా?

ప్రశ్న

అణువులోని పరమాణు సంఖ్యలన్నీ కూడి, రుణావేశం ఎంత ఉంటే అన్ని ఎలక్ట్రాన్లను కలిపి, ధనావేశం ఎంత ఉంటే అన్నింటిని తీసివేస్తే మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య వస్తుందని చదువుకున్నాను. ఆ ప్రకారం కార్బొనేట్, నైట్రేట్ అయాన్లకు 32 చొప్పున, సల్ఫర్ ట్రైఆక్సైడ్‌కు 40 వస్తున్నాయి. అయినా ఒక అభ్యాస పత్రంలో ఈ మూడింటినీ ఐసోఎలక్ట్రానిక్ (సమాన సంఖ్యలో ఎలక్ట్రాన్లు ఉన్నవి) అని ఒకే వర్గంలో చేర్చారు. ఇది ఎలా సరిపోతుంది? నీటి అణువుకూ సోడియం అయాన్‌కూ పదేసి ఎలక్ట్రాన్లే ఉన్నాయి కనుక వాటినీ జంటగా రాయవచ్చా?

మొదటి సమాధానం

మీ లెక్క సరైనదే. ఆ పత్రంలో వేలన్సీ ఎలక్ట్రాన్లను, అంటే బయటి కర్పరంలోని ఎలక్ట్రాన్లను మాత్రమే లెక్కించి ఉంటారు. నైట్రోజన్‌కు 5, మూడు ఆక్సిజన్లకు 18, రుణావేశానికి 1 కలిపితే నైట్రేట్‌కు 24 వస్తాయి. సల్ఫర్‌కు 6, ఆక్సిజన్లకు 18 కలిపినా 24 వస్తాయి. సల్ఫర్ లోపలి కర్పరాల్లో 10 ఎలక్ట్రాన్లు, నైట్రోజన్ లోపలి కర్పరంలో 2 మాత్రమే ఉండడం వల్ల మొత్తంలో ఆ 8 తేడా కనిపించింది. బంధాల్లో పాల్గొనేవి బయటి ఎలక్ట్రాన్లే కాబట్టి ఈ మూడూ సమతల త్రిభుజాకారంలోనే ఉంటాయి. నా అభిప్రాయంలో ఏ పద్ధతిని పాటించాలో ప్రశ్నలోనే చెప్పడం ఉత్తమం. చెప్పనప్పుడు మొత్తం ఎలక్ట్రాన్లనే లెక్కించి, ఆ సంగతి జవాబులో రాయండి.

రెండవ సమాధానం

నీరు, సోడియం అయాన్ విషయానికి వస్తే, సంఖ్య సమానమైతే చాలునన్న నిర్వచనం ప్రకారం అవి జంటే. అయితే అణువులను పోల్చేటప్పుడు పరమాణువుల సంఖ్య, అవి కలిసిన తీరు కూడా ఒకటైతేనే ఆ పోలికకు రసాయన శాస్త్రంలో విలువ ఉంటుంది. నైట్రోజన్ అణువు, కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్ అయాన్, నైట్రోసోనియం అయాన్ నాలుగూ రెండేసి పరమాణువులతో, 14 ఎలక్ట్రాన్లతో, త్రిబంధంతో ఉంటాయి. నైట్రోసోనియం దగ్గరే ఎక్కువమంది తడబడతారు: నైట్రోజన్‌వి 7, ఆక్సిజన్‌వి 8 కలిపి 15 అని ఆగిపోకుండా, ధనావేశానికి ఒకటి తీసివేయాలి. ఆవేశం లేని నైట్రిక్ ఆక్సైడ్‌కు 15 ఉంటాయి కనుక అది ఈ వర్గంలో చేరదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. నిర్మాణం ఒకటైతే ధర్మాలు కూడా ఒకటిగానే ఉంటాయని భావించవచ్చా?

మూడవ సమాధానం

భౌతిక ధర్మాలు చాలాసార్లు దగ్గరగా ఉంటాయి. నైట్రోజన్ సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద, కార్బన్ మోనాక్సైడ్ సుమారు మైనస్ 191.5 డిగ్రీల వద్ద మరుగుతాయి. 22 ఎలక్ట్రాన్లున్న కార్బన్ డైఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్‌ల మధ్య ఇలాంటి సామ్యాన్నే అమెరికా రసాయన శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1919లో ప్రస్తావించారు. వాటి సందిగ్ధ ఉష్ణోగ్రతలు (అంతకు మించితే ఎంత ఒత్తిడి పెట్టినా వాయువు ద్రవంగా మారని ఉష్ణోగ్రతలు) సుమారు 31, 36 డిగ్రీలు. రసాయన ప్రవర్తనకు మాత్రం ఈ నియమాన్ని వర్తింపజేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుముతో గట్టిగా బంధం ఏర్పరచుకొని ప్రాణాపాయం కలిగిస్తుంది. అన్నే ఎలక్ట్రాన్లున్న నైట్రోజన్‌ను మనం ప్రతి శ్వాసలోనూ పీల్చి వదులుతున్నాం. కేంద్రకాల ఆవేశం రెండు పరమాణువుల మధ్య ఎలా పంచుకొని ఉందన్నది ఎలక్ట్రాన్ల లెక్కలో కనిపించదు.