మిఠాయితో పాటు అట్టపెట్టెనూ తూచడం న్యాయమేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

పోయిన ఆదివారం వియ్యాలవారింటికి వెళ్తూ మా ఊళ్లో ఒక దుకాణంలో అరకిలో జీడిపప్పు మిఠాయి కొన్నాను. కిలో 960 రూపాయలు. అక్కడి అబ్బాయి పెట్టెను కాటా మీద పెట్టి, మూతను దాని కిందికి దూర్చి, ముక్కలు ఒక్కొక్కటే పేర్చాడు. అంకె 500 దాటగానే చివరి ముక్క తీసి, రెండుగా విరిచి, సగమే వేశాడు. అంత నిక్కచ్చి. "బాబూ, ఖాళీ పెట్టె ఒకటి పెట్టి చూపించు" అన్నాను. పెట్టాడు. మూతతో కలిపి 68 గ్రాములు. అంటే నాకు దక్కిన మిఠాయి 432 గ్రాములు. అట్టకు నేను చెల్లించింది 65 రూపాయలు.

పక్క పళ్లెంలో మైసూరుపాకు కిలో 400. అదే పెట్టెలో అది కొని ఉంటే అట్ట ఖరీదు 27 రూపాయలయ్యేది. లోపల ఏముందో చూసుకుని అట్ట ధర మారడం ఎక్కడైనా ఉందా? ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్క నాకు మింగుడు పడడం లేదు. పెట్టెకు డబ్బు అడగవద్దని నేను అనను. బిల్లులో విడిగా రాసి పది రూపాయలు తీసుకోండి, ఇస్తాను. మిఠాయి ధరకు అట్టను అమ్మవద్దు. మీరేమంటారు?

గంటస్తంభం నీడ (విజయనగరం)

మాస్టారూ, లెక్క సరే. ఏడాదికి ఎన్నిసార్లు కొంటాం మిఠాయి? వెనక పదిమంది నిలబడి ఉండగా ఖాళీ పెట్టె తూచమని అడగడం నాకైతే చేతకాదు. చుట్టాలింటికి పట్టుకెళ్లే పెట్టె చూడటానికి బాగుండాలి, ఆ బాగుకూ ఖరీదు ఉంటుంది. బంగారం కొట్లో తరుగు పేరుతో పోయేదాని ముందు ఇదెంత?

నాగావళి గట్టు

బంగారం కొట్లో తరుగు ఎంతో, మజూరీ ఎంతో అడిగితే చెబుతారు, నచ్చకపోతే బేరమాడతాం. ఇక్కడ ఆ మాటే ఎత్తరు. ఇక చిన్న విషయం అన్నారు కదా, నా వెనక నిలబడిన ఆమె సంగతి వినండి. చేతిలో మడతపెట్టిన రెండు వందల నోటు. పావుకిలో మైసూరుపాకు అడిగింది. చిన్న పెట్టె 45 గ్రాములు తూగింది. పావుకిలోలో దాదాపు ఐదో వంతు అట్టే! నాకు పోయింది ఏడో వంతు. తక్కువ కొనేవాళ్లకే ఎక్కువ నష్టం. మన మొహమాటానికి ఆమె కూడా మూల్యం చెల్లిస్తోంది.

మిఠాయి వ్యాపారి (విజయనగరం)

మాది చిన్న కొట్టు. నేనూ పెట్టెతోనే తూస్తాను, దాచను. రంగుల పెట్టె నాకు 9 రూపాయలు పడుతుంది. నెయ్యి, గ్యాసు, పనివాళ్ల కూలి అన్నీ పెరిగాయి. అయినా బోర్డు మీద ధర పెంచలేను. ఎదురు కొట్టులో మైసూరుపాకు 400 అని ఉంటే నా 460 చూసి ఎవరూ మెట్టెక్కరు. పెట్టె బరువు తీసేస్తే ఆ లోటు ధరలో కలపక తప్పదు. మీ జేబులోంచి పోయేది అంతే, అంకె ఒక్కటే మారుతుంది. పెట్టెకు విడిగా పది అడిగి చూశాను కూడా. "బట్టల కొట్టులో సంచి ఊరికే ఇస్తారు, నీకు మాత్రం ఎందుకు ఇవ్వాలి" అని గొడవకు వచ్చారు. రెండు రోజులకే మానేశాను.

పలాస పప్పు

నేను జీడిపప్పు కొనే చోట డబ్బాలో కావాలంటే ముందు ఖాళీ డబ్బా పెట్టి కాటాను సున్నా చేస్తారు. టేర్ అనే మీట ఉన్నదే అందుకు. ఒక్క వేలితో అయ్యే పని, వరుస ఆగదు.

ఇంకో దారి కూడా ఉంది. ఆడపిల్ల సారెకు మనం కిలోలు చెబుతామా? ఇన్ని వందల లడ్డూలు, ఇన్ని అరిసెలు అని లెక్కే. వీధిలో ఇంటింటికీ పంచాలి కాబట్టి తగ్గితే తెలిసిపోతుంది. కొట్లలోనూ లెక్కన అమ్మితే సరి.

నాగావళి గట్టు

లెక్కన అమ్మితే ముక్క చిక్కిపోతుందండీ. సారెకు చెప్పేటప్పుడు లడ్డూ ఎంత ఉండాలో ముందే పట్టుబడతాం. రోజూ కొనేవాడికి ఆ వీలు లేదు. తూకమే మేలు.

రాజాం వకీలు

చట్టం ఏమంటుందో కూడా చూడండి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) చట్టం 30వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకున్న పరిమాణం కంటే తక్కువ సరుకు ఇవ్వడం తప్పు. 432 గ్రాములిచ్చి 500కు డబ్బు తీసుకోవడం అదే కదా. ప్యాకెట్లో అమ్మే సరుకుకైతే 2011 నిబంధనలు నికర బరువే ముద్రించమంటాయి, పైతొడుగు బరువు అందులోకి రాదు. బిస్కెట్ ప్యాకెట్టుకు వర్తించే న్యాయం కళ్లముందు తూచే మిఠాయికి వర్తించదా? ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. 65 రూపాయల కోసం ఎవరూ అంత దూరం రారు. ఇన్నాళ్లుగా ఇది సాగుతున్నది అందుకే.

నాగావళి గట్టు

వ్యాపారి గారూ, దాచకుండా చెప్పినందుకు సంతోషం. కానీ అంకె ఒక్కటే మారుతుందన్న మాట ఒప్పుకోలేను. మీకు 9 రూపాయలకు వచ్చిన పెట్టెకు జీడిపప్పు మిఠాయి కొన్నవాడు 65 ఇస్తున్నాడు. ఎదురు కొట్టు భయం అన్నారు చూశారా, నేను చెప్పేదీ అదే. ఏ కొట్టు చవకో మేం బోర్డు చూసే తేల్చుకుంటాం. ఆ బోర్డులో అట్ట దాగి ఉంటే, సరిగ్గా తూచేవాడే ఖరీదైనవాడిగా కనిపిస్తాడు. "460, పెట్టె బరువు కలపము" అని పెద్ద అక్షరాలతో రాయండి. జనానికి అర్థం కాదని ఎందుకనుకోవాలి?

మిఠాయి వ్యాపారి

మాస్టారూ, దసరా, సిరిమానోత్సవం దాటనివ్వండి. పండగ ముందు బోర్డు మార్చే ధైర్యం నాకు లేదు, ఏడాది బేరమంతా ఆ పది రోజుల్లోనే. ఈలోగా అడిగినవారికి కాటా సున్నా చేసి తూస్తాను. ఇది మాట.

నాగావళి గట్టు

అడగనివారికో?